మామయ్యగారి స్మారక పుస్తకం: సైంటిస్టుగా రాయాలా, ఇంటి మనిషిగా రాయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదమ్మా. మీ మామయ్యగారు హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో ఆర్గానిక్ కెమిస్టుగా చేసి రిటైరయ్యారు, ఎనభై తొమ్మిదో ఏట పోయిన నెల కాలం చేశారు. వచ్చే నెల సంస్మరణ సభ, ఆ రోజుకి ఒక చిన్న పుస్తకం వెయ్యాలని ఇంట్లోవాళ్ళ కోరిక, రాసే పని కోడలివైన మీ మీద పడింది. మీకేమో కెమిస్ట్రీ రాదు. ఇంట్లో ఆయన ఎంత మంచివారో చెప్పమంటే ఎంతైనా చెప్తారు గానీ బయటివాళ్ళు ఆయన్ని సైంటిస్టుగా గుర్తు పెట్టుకోవాలి కదా, అందుకని దేన్ని ముందు పెట్టాలి, దేన్ని ఎంత రాయాలి అని అడిగారు.

నేను ఒక ల్యాబ్ పబ్లికేషన్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయినవాణ్ణి. పెద్దాయన పోయాక పిల్లలు ఒక సంచీ నిండా కాగితాలు పట్టుకొచ్చి "మీరే ఏదో ఒకటి చెయ్యండి సార్" అనడం నాకు బాగా అలవాటే, అలాంటి పుస్తకాలు కొన్నిటికి చెయ్యేశాను, చాలా వాటిని చదివి బాధపడ్డాను. సూటిగా రెండు మాటలు ముందు చెప్పేస్తా, కారణాలు తర్వాత.

ఒకటి, "శాస్త్రవేత్తగా" ఒక చాప్టర్, "కుటుంబ పెద్దగా" ఒక చాప్టర్ అని విడగొట్టొద్దు. ల్యాబు ఇంట్లోకి వచ్చిన చోట్లు, ఇల్లు ల్యాబులోకి వెళ్ళిన చోట్లు వెతికి పట్టుకోండి, పుస్తకం అంతా వాటి మీదే నడపండి.

రెండు, వచ్చే నెలకి పుస్తకం పెట్టుకోవద్దు. సభకి నాలుగు పేజీల కరపత్రం చాలు, ఫోటో, పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, ఒక్క మంచి జ్ఞాపకం. పుస్తకం సంవత్సరీకానికి వెయ్యండి. నెలలో వేసిన పుస్తకంలో పొగడ్తలే ఉంటాయి, ఎందుకంటే ఆ నెలలో ఎవరూ ఇంకోటి చెప్పగలిగే స్థితిలో ఉండరు.

ఇప్పుడు ఎందుకో చెప్తా. విడగొడితే మొదటి చాప్టర్ బయోడేటా అయి కూర్చుంటుంది, ఎన్ని పేపర్లు, ఎన్ని పేటెంట్లు, ఏ దేశం వెళ్ళారు. అది ఎవరూ చదవరు, కొడుకులు కూడా చదవరు. రెండో చాప్టర్‌లో "నిరాడంబరుడు, మృదుభాషి, నిగర్వి, అజాతశత్రువు" ఈ నాలుగూ వరసగా వస్తాయి, ఆ నాలుగు మాటలు లేని స్మారక సంచిక నేను ఇంతవరకు చూళ్ళేదు. పేరూ ఫోటో మారిస్తే ఇంకొకరి తాతగారికి సరిపోతుంది.

ఒక కేసు చెప్తా. డెబ్భైల్లో పురుగుమందుల మీద పనిచేసిన ఒక కెమిస్టుగారు. పిల్లలు ఇచ్చిన కాగితాల్లో అన్నీ ఉన్నాయి, అవార్డులు, శాలువా ఫోటోలు, ఇది మాత్రం లేదు, వాళ్ళావిడ మాటల్లో మాటగా చెప్పింది. సల్ఫర్ కాంపౌండ్లు, పిరిడిన్ లాంటివి ముట్టుకున్న రోజు ఒంటికి పట్టిన వాసన ఓ పట్టాన పోదు, సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళట. ఆయన ఇంటికొస్తే ముందు గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, గాబు దగ్గర చొక్కా విప్పి విడిగా ఒక ఇనప బకెట్లో నానేసి, కుంకుడురసంతో తల రుద్దుకుని, అప్పుడు గానీ లోపలికొచ్చి కూతుర్ని ఎత్తుకునేవారు కాదు, ఆ పిల్ల గడప మీద నిలబడి ఏడుస్తున్నా సరే. ఆవిడ ఆ బకెట్‌ని "ల్యాబ్ బకెట్" అనేవారు, ఇంకే పనికీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చూడండి, ఆయన చేసిన పనేంటి, అప్పటి ల్యాబుల్లో గాలి వసతి ఎంత, పిల్లలంటే ఆయనకి ఎంత జాగ్రత్త, ఆవిడ పడ్డ పాటేంటి, అన్నీ ఆ బకెట్లోనే ఉన్నాయి. మేం పుస్తకం దాంతోనే మొదలుపెట్టాం.

అందరికీ తెలిసిన మనిషిని తీసుకుంటే సి.ఆర్.రావుగారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, స్టాటిస్టిక్స్‌లో ప్రపంచంలో మొదటి వరస పేరు, 1920 సెప్టెంబర్ 10న అప్పటి బళ్ళారి జిల్లా హడగళిలో పుట్టి 2023 ఆగస్టు 22న అమెరికాలో పోయారు, నూట రెండు దాటి. ఆయన గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఆయన పేరుతో ఉన్న సిద్ధాంతాలు క్రేమర్-రావు, రావు-బ్లాక్‌వెల్, లండన్ రాయల్ సొసైటీ ఫెలో అంటే ఎఫ్.ఆర్.ఎస్., పద్మవిభూషణ్ అని లిస్టు ఇస్తారు. నాకైతే ఆ లిస్టు కన్నా ఆ పేరు దగ్గరే మనిషి దొరుకుతాడు. పది మంది పిల్లల్లో ఎనిమిదోవాడు, దేవకీదేవికి కృష్ణుడిలా అష్టమగర్భం, అందుకని రాధాకృష్ణ అని పెట్టారు. నాన్నగారు పోలీస్ ఇన్‌స్పెక్టర్, బదిలీల మీద బదిలీలు, గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. అమ్మ లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించి చదువుకోమనేవారు, ఆ మాట ఆయన పెద్దయ్యాక తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. స్టాటిస్టిక్స్ పుస్తకం అంకితంలో నూనె దీపం, నేను ఇల్లు ల్యాబులోకి వెళ్ళడం అన్నది ఇదే.

ఆయన కలకత్తా వెళ్ళింది కూడా స్టాటిస్టిక్స్ కోసం ఏం కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో మాథ్స్ ఎం.ఏ. అయ్యాక యుద్ధం రోజుల్లో మిలిటరీ సర్వేలో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళారు, వయసు చిన్నదని తీసుకోలేదు. హోటల్లో కలిసిన ఒక దక్షిణాది ఆయన అప్పుడు మహలనోబిస్‌గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాడు, అలా ఆ పేరు తెలిసి అప్లై చేసి 1941 జనవరి 1న చేరారు. తర్వాత నలభై ఏళ్ళు దాదాపు అక్కడే. మీ మామయ్యగారి జీవితంలో కూడా ఇలాంటి పోయిన ఉద్యోగం, దారి తప్పించిన మనిషి ఎవరో ఉండే ఉంటారు, అడగండి. అవార్డు కన్నా అది ముఖ్యం.

ఇంక "కెమిస్ట్రీ రాదు కదా ఎలా రాయను" అన్నదానికి కూడా సి.ఆర్.రావుగారి దగ్గరే ఉదాహరణ ఉంది. కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెప్తుంటే దండేకర్ అనే విద్యార్థి, అంచనాకి ఒక హద్దుంటుంది అన్నది డేటా చాలా ఎక్కువ ఉన్నప్పుడు నిజం అంటున్నారు, తక్కువ ఉన్నప్పుడు సంగతేంటి అని అడిగాడు. రావుగారు ఇంటికెళ్ళి రాత్రి కూర్చుని తేల్చుకుని మర్నాడు క్లాసులో చెప్పేశారు. అది 1945లో కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది, స్వీడన్‌లో క్రేమర్ కూడా విడిగా అదే తేల్చాడు కాబట్టి ఇద్దరి పేరూ ఉంది. అసలు విషయం ఏంటంటే, చేతిలో ఉన్న డేటాతో మీరు ఒక అంచనా కడితే, ఎంత తెలివైన పద్ధతి వాడినా సరే, ఒక పక్కకి మొగ్గు లేని అంచనా అయితే దాని తడబాటు ఒక హద్దు కన్నా తగ్గదు, ఆ హద్దు ఎంతో ముందే లెక్క కట్టి చెప్పొచ్చు. రాడార్ వాళ్ళు, సిగ్నల్స్ వాళ్ళు ఇప్పటికీ తమ పద్ధతి ఎంత బాగుందో ఆ హద్దు పక్కన పెట్టి చూసుకుంటారు. ఇందులో ఒక్క ఫార్ములా లేదు, అయినా అబద్ధం లేదు. మీకు కావలసింది ఈ మోతాదు.

మామయ్యగారి స్టూడెంట్ ఎవరైనా దొరికితే మూడే ప్రశ్నలు అడగండి. ఆయన ఏ సరుకుతో మొదలుపెట్టేవారు, చివరికి ఏం తయారవ్వాలి, మధ్యలో ఏది కుదిరేది కాదు. ఈ మూడో దానికి ఎవరైనా సరే కళ్ళు పెద్దవి చేసి చెప్తారు. దాన్ని రాసుకోండి.

ఎవర్ని అడగాలి. డైరెక్టర్లని, పెద్ద ప్రొఫెసర్లని చివర్న పెట్టండి, వాళ్ళు ఇచ్చేది ఉపన్యాసం. ముందు ల్యాబ్ అటెండెంట్, స్టోర్స్‌లో చేసినవాళ్ళు, గ్లాస్ బ్లోయర్. కెమిస్ట్రీ ల్యాబుల్లో గాజు సామాను అక్కడే ఊది చేసేవాళ్ళుండేవారు, ఎవరికి కోపం వస్తే ఏం పగిలేదో వాళ్ళకి తెలుసు. తర్వాత పి.హెచ్.డి. స్టూడెంట్లు. వాళ్ళ థీసిస్‌లు తెప్పించి కృతజ్ఞతల పేజీ ఒక్కటి చదవండి, మన దేశంలో చాలా థీసిస్‌లలో గైడ్‌గారి భార్యకి విడిగా ధన్యవాదాలు ఉంటాయి, "మాతృవాత్సల్యం" అనో "ఆదరించి భోజనం పెట్టిన" అనో. కొత్తవి థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో దొరకొచ్చు, పాతవి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాల్సిందే. మీ అత్తయ్యగారు ఎంతమందికి అన్నం పెట్టారో అక్కడ సాక్ష్యం ఉంటుంది.

అత్తయ్యగారిని మాత్రం "మామయ్యగారు ఎలాంటివారు" అని అడగొద్దు, "దేవుడమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చిన్న చిన్నవి అడగండి. జీతం ఎవరి చేతిలో పెట్టేవారు, రియాక్షన్ రాత్రంతా నడిచే రోజుల్లో క్యారేజీ ఎవరు తీసుకెళ్ళేవారు, ఆదివారం ల్యాబ్‌కి వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళేవారా, క్వార్టర్స్‌లో పక్కింటివాళ్ళెవరు. ఫోన్లో రికార్డ్ పెట్టుకోండి, ముందు చెప్పి పెట్టండి. ఒక్కరోజులో అవ్వదు, ఆవిడ అలిసిపోతే ఆపెయ్యండి.

కాగితాలు పాత పేపర్లవాడికి వెయ్యనివ్వకండి. ఇది ఇవాళే మీ ఆయనతో చెప్పండి, నెల తిరగ్గానే బీరువా ఖాళీ చేద్దాం అనే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ల్యాబ్ నోట్‌బుక్స్ సంస్థవి, అవి ఇంట్లో ఉండకూడదు, ఉంటే అప్పజెప్పండి. ఇంట్లో ఉండేవి రీప్రింట్లు అంటే అచ్చయిన పేపర్ల విడి కాపీలు, స్లైడ్లు, డైరీలు, పాత కరస్పాండెన్స్. పోస్టుకార్డులు చూడండి ముఖ్యంగా. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఎవరైనా మన పేపర్ చదవాలంటే కార్డు రాసి అడిగేవాళ్ళు, తూర్పు జర్మనీ నుంచి, చెకొస్లొవేకియా నుంచి, ఎక్కడెక్కడి నుంచో. ఆ కార్డులు ల్యాబ్ నుంచి నేరుగా ఇంటికొచ్చేవి, ఎందుకంటే స్టాంపులు! మీ ఆయన చిన్నప్పటి స్టాంపుల ఆల్బమ్ ఉందేమో అడగండి, ఉంటే మామయ్యగారి పని ఏయే దేశాల్లో చదివారో సగం ఆ ఆల్బమ్‌లోనే ఉంటుంది.

భూమి లోపల ఏముందో కొలుస్తూ ఫీల్డ్ మీద తిరిగే జియోఫిజిక్స్ వాళ్ళకైతే ఉత్తరాలే దిక్కు. ఒకాయన పిల్లలకి రాసిన ఇన్‌లాండ్ లెటర్ల మీద పోస్టు ముద్రలు వరసగా పెట్టి ఏ ఏడు ఏ క్యాంపులో ఉన్నారో తేల్చాం, ఆఫీసులో ఆ రికార్డు దొరకలేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి చెప్తే ఇంట్లోవాళ్ళకి కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

పేపర్లు నెట్‌లో వెతికేటప్పుడు మన పేర్లతో పెద్ద చిక్కు. ఇంటిపేరు పొడి అక్షరం అయిపోయి, రావు, రెడ్డి, శర్మ అన్నది చివరి పేరు అయిపోతుంది, ఆ పేరుతో వేలమంది. సి.ఆర్.రావుగారినీ, కెమిస్ట్రీలో భారతరత్న వచ్చిన సి.ఎన్.ఆర్.రావుగారినీ ఇప్పటికీ కలిపేసేవాళ్ళున్నారు, ఇంక మనవాళ్ళ సంగతి చెప్పాలా. ల్యాబ్ పేరు, సంవత్సరం, తోటి రచయితలు మూడూ సరిపోతేనే లెక్కలో వేసుకోండి. ల్యాబ్ పేరు కూడా మారి ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలో ఇప్పుడు ఐ.ఐ.సి.టి. (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) అనేది 1944లో నిజాం కాలంలో సెంట్రల్ ల్యాబొరేటరీస్‌గా మొదలైంది, 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ ల్యాబ్ అయింది, ఇప్పటి పేరు 1989లో. పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. అనే అంటారు. ఆయన అక్కడివారైతే రెండు పేర్లతోనూ వెతకండి.

"మందు కనిపెట్టారు" అని రాసేముందు ఆగండి. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం మందుకి పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికే ఉంది. 2005లో మారేవరకు అంతే. మన కెమిస్టులు బయటి దేశంలో ఉన్న మందుని వేరే దారిలో, ఇక్కడ దొరికే సరుకుతో, చవగ్గా ఎలా తయారుచెయ్యాలో తేల్చారు, హైదరాబాద్ చుట్టూ అన్ని బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు తయారుచేసే) కంపెనీలు రావడానికి అదొక పెద్ద కారణం. అది తక్కువ పనేం కాదు. కొత్త దారి వేశారు అని నిజం రాస్తే మందు కనిపెట్టారు అన్న అబద్ధం కన్నా గౌరవంగా ఉంటుంది, తెలిసినవాళ్ళు చదివితే నవ్వరు. సి.ఎస్.ఐ.ఆర్. పేటెంట్లు సంస్థ పేరు మీద ఉంటాయి, ఇన్వెంటర్ల పేర్లు విడిగా ఉంటాయి, ఆ వరసలో ఆయన పేరుందో లేదో చూసుకుని రాయండి.

వ్యవసాయ శాస్త్రవేత్తల ఇళ్ళలో ఇదే ఇంకో రకంగా ఉంటుంది. వరి వంగడాలే చూడండి, సాంబ మసూరి బి.పి.టి. 5204, అంటే బాపట్ల పరిశోధన స్టేషన్‌ది, 1986లో విడుదల. కాటన్‌దొర సన్నాలు ఎం.టి.యు. 1010, మారుటేరుది. వంగడానికి ఊరి పేరుంటుంది గానీ మనిషి పేరుండదు, దాని వెనక ఏళ్ళ తరబడి ఎందరో చేతులు. అక్కడ పనిచేసిన ప్రతి ఇంట్లోనూ "ఆ వడ్లు మా తాతగారివే" అంటారు. నేనైతే "క్రాసింగ్ (రెండు రకాల్ని కలపడం) చేసిన టీమ్‌లో ఉన్నారు", "ఎంపిక చేసిన ఏళ్ళలో పొలం ఆయన చూశారు" అని, ఆయన చేతితో చేసిందే రాయిస్తా. "నోబెల్ రావాల్సింది, రాజకీయాల వల్ల రాలేదు" అన్న వాక్యం ఎవరిచ్చినా కొట్టేస్తా.

అన్నిటికన్నా కష్టం "కుటుంబాన్ని ప్రాణంగా చూసుకున్నారు" అన్నది. నిజమే కావచ్చు. కానీ ఆ తరం సైంటిస్టుల ఇళ్ళలో ప్రేమ ఉంది, మనిషి మాత్రం ఇంట్లో లేడు, రెండూ నిజమే. ఒక పుస్తకంలో కూతురు రాసింది, నా పెళ్ళిచూపుల రోజు నాన్న ల్యాబ్‌లోనే ఉండిపోయారు, వాళ్ళొచ్చి కాఫీ తాగి వెళ్ళిపోయాక వచ్చారు, ఆ రాత్రి భోజనం చెయ్యకుండా నా పక్కన కూర్చున్నారు అని. అన్నదమ్ములు తీసెయ్యమన్నారు, నాన్న పరువు అన్నారు. వాళ్ళమ్మగారు ఉంచమన్నారు, ఉంచాం. పుస్తకం చదివినవాళ్ళు నాతో ఎత్తే సంగతి అదొక్కటే. అలాగే అత్తయ్యగారు ఉద్యోగం మానేశారా, చదువు మధ్యలో ఆపారా, అదీ రాయండి, ఆయన జీవితంలో అది భాగం కాదని ఎవరైనా అంటే వినొద్దు.

రిటైరయ్యాక గడిపిన ఏళ్ళని "విశ్రాంత జీవితం గడిపారు" అని ఒక ముక్కలో తేల్చెయ్యకండి, ఎనభై తొమ్మిదేళ్ళ మనిషికి అది దాదాపు మూడో వంతు. మనవలకి చెప్పిన లెక్కలు, కన్సల్టెన్సీ, గుడి కమిటీ, పెన్షన్ కాగితాల మీద పెట్టిన శ్రద్ధ, ఇంట్లో మందుల డబ్బా మీద అతికించిన లేబుళ్ళు, అందులోనే కెమిస్ట్ కనబడతాడు. సి.ఆర్.రావుగారు 1979లో ఇక్కడ రిటైరై అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లో, పెన్ స్టేట్‌లో మళ్ళీ మొదలుపెట్టారు, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది 2023లో, ఆయన చనిపోయిన ఏడే. చివర్లో జబ్బు చేసి మతిమరుపు వచ్చి ఉంటే ఎంత రాయాలో అత్తయ్యగారు చెప్పినంతే.

అచ్చు సంగతి రెండు ముక్కలు. డి.టి.పి. చేసేవాళ్ళు చాలామంది ఇంకా "అను" అనే పాత రకం ఫాంట్లలో కొడతారు, అది నెట్‌లో పెడితే గజిబిజి అక్షరాలొస్తాయి, వెతికితే దొరకదు. నెట్‌లో సరిగ్గా కనబడే యూనికోడ్ ఫైల్ కూడా ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. పాత గ్రూప్ ఫోటోలు ఫోన్‌తో తియ్యకుండా స్కాన్ చేయించండి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు ఆ బ్యాచ్‌లో బతికున్నవాళ్ళతో ఇప్పుడే రాయించండి. ఒక కాపీ ల్యాబ్ లైబ్రరీకి ఇవ్వండి.

ప్రూఫులు ఇద్దరు చూడాలి. కెమిస్ట్రీ ఉన్న పేజీలు ఆయన స్టూడెంట్ ఒకరు, మొత్తం పుస్తకం అత్తయ్యగారు. ఆవిడకి చదవడం కష్టమైతే మీరు చదివి వినిపించండి, ఆవిడ కొట్టెయ్యమన్నది కొట్టెయ్యండి, ఎందుకని అడగొద్దు.

ల్యాబ్ పేరు, ఏ డివిజన్, ఏ ఏళ్ళలో చేశారో కింద రాస్తే ఆ సెక్షన్ పాతవాళ్ళెవరైనా నాకు తెలిసినవాళ్ళున్నారేమో కనుక్కుని చెప్తా. మామయ్యగారి పేరు ఇక్కడ పెట్టక్కర్లేదు.